లోపలి చెవి జన్యుచికిత్స

లోపలి చెవిలోని వినికిడి కణాలు నశించకుండా కాపాడటానికి, లేదా వాటిలో లోపించిన జన్యువును సమకూర్చటానికి చేసే చికిత్సను లోపలి చెవి జన్యుచికిత్స అంటారు.

రోమకణాలు

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉన్న భాగం కర్ణావర్తం. ఇందులో ఒక్కొక్క చెవికి సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. ఇవి ధ్వని కంపనాలను విద్యుత్ సంకేతాలుగా మార్చి శ్రవణనాడికి అందిస్తాయి. పక్షులలో నశించిన రోమకణాలు మళ్ళీ పుడతాయి. మనిషిలో పుట్టవు. కనుక ఈ కణాలు నశిస్తే కలిగే చెవుడు శాశ్వతం.

నష్టానికి కారణాలు

* 85 డెసిబెల్స్‌కు మించిన శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏళ్ళ తరబడి వినటం. మిర్యాలగూడ, సూర్యాపేట ప్రాంతాలలోని బియ్యపు మిల్లుల వంటి చోట్ల యంత్రాల హోరు మధ్య పనిచేసేవారు ఈ విషయంలో జాగ్రత్త వహించాలి.
* స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి మందులు. క్యాన్సరుకు వాడే సిస్‌ప్లాటిన్.
* వార్ధక్యం.
* వంశపారంపర్య లోపాలు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే అంతర్గత లోపజన్యువు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం 25 శాతం. తెలుగునాట వాడుకలో ఉన్న మేనరికపు పెళ్ళిళ్ళలో దంపతులిద్దరికీ ఒకే లోపజన్యువు ఉండే అవకాశం ఎక్కువ.

చికిత్సా విధానం

వ్యాధి కలిగించని ఎడినో అనుబంధ వైరస్‌లో కావలసిన జన్యువును అమర్చి, కర్ణావర్తంలోకి సూదితో పంపుతారు. కణం తనను తాను చంపుకొనే ప్రక్రియను అడ్డుకొనే ఎక్స్ఐఏపీ జన్యువు, సిస్‌ప్లాటిన్ వల్ల కలిగే నష్టాన్ని ఎలుకలలో తగ్గించింది. 2005లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎటోహ్1 జన్యువుతో చెవిటి గినీపందులలో కొత్త రోమకణాలను పుట్టించారు.

మనుషులపై ప్రయోగాలు

ఒటోఫెర్లిన్ అనే ప్రోటీన్ లోపిస్తే రోమకణాలు ఉన్నా సంకేతం నాడికి చేరదు. దీని జన్యువు ఒక వైరస్‌లో పట్టనంత పెద్దది కనుక రెండు ముక్కలుగా పంపుతారు. షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఆరుగురు పిల్లలకు ఈ చికిత్స చేయగా ఐదుగురికి వినికిడి వచ్చినట్లు 2024 జనవరిలో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఈ ఫలితం ఒటోఫెర్లిన్ లోపానికే పరిమితం. శబ్దం వల్ల, మందుల వల్ల కలిగిన చెవుడుకు ఇది వర్తించదు.

తెలుగు రాష్ట్రాలలో

పుట్టుచెవుడు ఉన్న పేద పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చే శస్త్రచికిత్సను, 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో చేర్చారు. ఇంప్లాంట్ రోమకణాలను బాగుచేయదు, వాటిని దాటి నేరుగా శ్రవణనాడిని ప్రేరేపిస్తుంది. మాటలు నేర్చే వయసు దాటకముందే అమర్చితే ఫలితం మెరుగు. కనుక శిశువు శబ్దానికి స్పందించకపోతే, కొత్త చికిత్సల కోసం వేచి ఉండక, వెంటనే వినికిడి పరీక్ష చేయించటం అవసరం.