గంజాయి మొలక

గంజాయి మొక్క (కన్నాబిస్ సటైవా) విత్తనం నుండి మొలిచి, మూడు నాలుగు జతల ఆకులు తొడిగే వరకు గల తొలి దశను గంజాయి మొలక అంటారు. ఇది కన్నాబేసీ కుటుంబానికి చెందినది. మత్తునిచ్చే పూత ఈ దశలో ఉండదు. అయినప్పటికీ భారతదేశంలో చట్టరీత్యా మొలక కూడా గంజాయి మొక్కే.

మొలక ఎదుగుదల

విత్తనంగా వ్యవహరించేది నిజానికి ఒకే గింజ గల ఎండుఫలం. ఇది నీటిని పీల్చుకొని ఉబ్బగా, ముందుగా ప్రథమ మూలం వెలువడి తల్లివేరు అవుతుంది. తరువాత కాండం కొక్కెంవలె వంగి నేలను చీల్చుకొని నిటారవుతుంది. చింత, ఆముదం మొలకలలో వలె బీజదళాలు రెండూ నేలపైకి వస్తాయి. ఇవి కోలగా, నునుపైన అంచులతో ఉంటాయి. ఆకులు ఆహారం తయారుచేసే వరకు మొలకకు వీటిలోని నిల్వలే ఆధారం.

మొదటి జత ఆకులు ఒక్కొక్క రేకుతో, రంపపు అంచులతో ఎదురెదురుగా పుడతాయి. తరువాతి జతలలో సాధారణంగా మూడు, ఆపై ఐదు, ఏడు రేకులు వ్రేళ్ళవలె విచ్చుకొంటాయి. ఆడ, మగ మొక్కలు వేరైనా, మొలకను చూచి ఆ భేదం చెప్పలేము.

గోగుతో పోలిక

గోగు (హైబిస్కస్ కన్నాబినస్) శాస్త్రీయనామంలోని రెండవ పదానికి 'గంజాయిని పోలినది' అని అర్థం. తెలంగాణలో గోంగూరను పుంటికూర అంటారు. గోగు ఆకులు చీలినా రేకులుగా పూర్తిగా విడిపోవు, కాండంపై ఒకటి విడిచి ఒకటి పుడతాయి, రుచికి పులుపు. గోగు బీజదళాలు వెడల్పుగా, గుండ్రంగా ఉంటాయి.

చట్టం

1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం పూత, కాయలు గల కొనలనే 'గంజాయి'గా నిర్వచించింది. కొనలు లేని ఆకులు, విత్తనాలు ఈ నిర్వచనంలోకి రావు. కాని కన్నాబిస్ ప్రజాతికి చెందిన ఏ మొక్కయైనా 'గంజాయి మొక్కే' గనుక, అనుమతి లేకుండా మొలకను పెంచడం కూడా నేరమే. 20వ సెక్షన్ ప్రకారం సాగుకు పదేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. నార, విత్తనాల కోసం సాగును 14వ సెక్షన్ క్రింద ప్రభుత్వం అనుమతించవచ్చు.

2008లో ప్రారంభమైన శంషాబాద్ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో, 2025లో బ్యాంకాక్ నుండి వచ్చిన ప్రయాణికుల సామానులో 'హైడ్రోపోనిక్ గంజాయి' పట్టుబడింది. మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీటితో పెంచిన మొక్కల పూతకే ఈ పేరు. పెంపకం మారినా, మొలక ఎదిగే క్రమం మాత్రం ఒక్కటే.