యాడికి సీమలో ఋణవ్యవహారము: పత్రము, గడువు, కరవు

అనంతపురము జిల్లాలో గుత్తికిని తాడిపత్రికిని నడుమ యాడికి యున్నది. నల్లరేగడి పొలములు, సున్నపురాతి గుట్టలు, చేనేత మగ్గములు ఈ ఊరికి గుఱుతులు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు జిల్లా యిది; ఆ వానయైనను అదనుకు వచ్చునను నమ్మకము లేదు. ఇట్టి నేలపై విత్తు మొలచుటకు ముందే అప్పు మొలచును. విత్తనమునకు అప్పు, ఎద్దులకు అప్పు, నూలునకు అప్పు. పంట చేతికి వచ్చినచో కొంత తీఱును; రానిచో పాత పత్రము చించి క్రొత్తది వ్రాయుదురు. కావున ఈ సీమ చరిత్రను పరిశీలించువారు దుర్గముల ముట్టడులను చూచినంత శ్రద్ధతో ప్రోనోటు కాగితమును గూడ చూడవలసి యున్నది.

ఋణమును గూర్చి పల్లెలలో తఱచుగా వినవచ్చు ప్రశ్నలు ఐదు. నోటిమాటపై ఇచ్చిన సొమ్మును రాబట్టవచ్చునా? ఖాళీ కాగితముపై సంతకము చేసినవాని గతి యేమి? మూడేండ్లు దాటిన బాకీ చెల్లునా? తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్పవలెనా? వడ్డీ అసలును మించవచ్చునా? ఇవి నేటి ప్రశ్నలవలె తోచును గాని ఎనిమిది వందల ఏండ్లుగా తెలుగుదేశమున నలుగుచున్నవే. ప్రాచీన ధర్మము ఋణపు మొత్తమునకు హద్దు పెట్టినదనియు, పందొమ్మిదవ శతాబ్దపు చట్టములు ఋణపు కాలమునకు హద్దు పెట్టినవనియు, కరవుసీమలో ఈ రెండు హద్దులకు గల భేదము రైతు బ్రదుకునే మార్చినదనియు మేము ఈ వ్యాసమున నిరూపింపదలచినాము.

1. స్మృతులు, కేతన

తెలుగున వ్యవహారధర్మమును పద్యరూపమున చెప్పిన తొలి గ్రంథకర్తలలో కేతన ముఖ్యుడు. పదమూడవ శతాబ్దమున తిక్కనకు సమకాలికుడైన ఈతడు ‘విజ్ఞానేశ్వరీయము’ను రచించెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరావ్యాఖ్య దీనికి మూలము. సంస్కృతము రాని తెలుగువానికి అప్పు, సాక్ష్యము, దాయభాగము మున్నగు విషయములు తెలియవలెనన్న అక్కఱ అప్పటికే యుండెననుటకు ఈ గ్రంథమే నిదర్శనము.

మనువు చెప్పిన పదునెనిమిది వివాదపదములలో మొదటిది ఋణాదానము. ఈ క్రమము యాదృచ్ఛికము కాదు. అప్పు తగవులే తగవులలో మొదటివని స్మృతికర్తలు ఎఱుగుదురు. లిఖితము, భుక్తి, సాక్షులు అను మూటిని యాజ్ఞవల్క్యుడు ప్రమాణములుగా చెప్పి, ఇవి లేనప్పుడే దివ్యములను ఆశ్రయింపుమనెను. పత్రలేఖనమును గూర్చి ఆతడు చెప్పిన విధులు నేటికిని మనకు కొత్తగా తోచవు. సంవత్సరము, మాసము, పక్షము, దినము, ఉభయుల పేర్లు, తండ్రుల పేర్లు వ్రాయవలెను. పైన వ్రాసినది నాకు సమ్మతమని ఋణస్థుడు తన చేతితో వ్రాయవలెను. సాక్షులు సంతకములు చేయవలెను. చివర లేఖకుడు తన పేరు చెప్పుకొనవలెను. కొంత చెల్లించినప్పుడు ఆ సంగతి పత్రము వెనుక వ్రాయవలెను. అంతయు తీఱినప్పుడు పత్రమును చింపివేయవలెను. నేడు ప్రోనోటు వీపున ‘చెల్లు’ వ్రాయించుకొను రైతు యాజ్ఞవల్క్యుని పేరు విని యుండకపోవచ్చును. ఆతని విధిని మాత్రము తప్పక పాటించుచున్నాడు.

వడ్డీ విషయమున కుదువ యున్నచో నెలకు ఎనుబదవ వంతు అని స్మృతివిధి. అనగా నూటికి నెలకు రూపాయింబావల, ఏడాదికి పదునైదు. కుదువ లేనిచో ఋణస్థుని వర్ణమును బట్టి నూటికి రెండు మొదలు ఐదు వఱకు పెరుగును. ఈ తారతమ్యమును మేము మెచ్చము; పేదకులము వానిపై ఎక్కువ వడ్డీ వేయుట ధర్మము పేర జరిగిన అధర్మమే. అయినను మఱియొక నియమము ఋణస్థులందఱికి రక్షయైనది. రొక్కపు అప్పుపై ఒక్కమాఱు రాబట్టు వడ్డీ అసలును మించరాదు. ధాన్యమునకు మూడింతలు, వస్త్రమునకు నాలుగింతలు పరమావధి. ఈ ద్వైగుణ్యనియమమే తరువాతి న్యాయస్థానములలో దాందుపట్ అను పేర ప్రసిద్ధికెక్కినది.

పాతధర్మమున ఏండ్ల లెక్క గడువు ప్రధానము కాదు. పత్రముపై వ్రాసిన అప్పు తండ్రి, కొడుకు, మనుమడు అను మూడు తరములను అంటును. తండ్రి తాగుడుకు, జూదమునకు, వ్యభిచారమునకు చేసిన అప్పును మాత్రము కొడుకు తీర్పనక్కఱలేదు. అప్పు దీర్ఘకాలము బ్రదుకును గాని మితిమీఱి పెరుగదు; ఇది పాతధర్మపు సారము.

2. మన్రో నాటి మునసబులు

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. తామస్ మన్రో 1807 వఱకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. ఆతడు 1827లో పత్తికొండలో మరణింపగా గుత్తికోట క్రింద ఖననము చేసిరి. శిస్తును గూర్చి మన్రో చేసిన కృషి అందఱికి తెలిసినదే. న్యాయవిచారణను గూర్చి చేసినది అంతగా ప్రచారమునకు రాలేదు. 1816 నాటి మద్రాసు రెగ్యులేషనులు ఆతని సిఫారసుల ఫలితములు. వాని ప్రకారము గ్రామపెద్దయే మునసబై పది రూపాయల లోపు సొమ్ము దావాలను విచారింప గలిగెను. ఉభయులు సమ్మతించినచో గ్రామపంచాయతి అంతకు మించిన తగవులను గూడ తీర్పవచ్చును.

ఈ పద్ధతిలో ఒక మేలు, ఒక కీడు కలవు. తీర్పరి ఊరివాడగుటచే పత్రము లేని అప్పును గూర్చియు, వానలు తప్పిన ఏటిని గూర్చియు ఆతనికి ఒకరు చెప్పనక్కఱలేదు; ఇది మేలు. ఆ పెద్దయే అప్పిచ్చువాడో, అప్పిచ్చువాని చుట్టమో యగుట పల్లెలలో అరుదు కాదు, ఇది కీడు. పంచాయతులు మన్రో ఆశించినంతగా వ్యాపింపలేదు. మునసబు అధికారము మాత్రము 1889 నాటి గ్రామన్యాయస్థానముల చట్టముతో కొనసాగినది. ఆంధ్రప్రదేశమున వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు 1984లో రద్దగుటతో ఊరి మునసబు చరిత్రలో కలిసెను.

3. హద్దు మాఱిన విధము

1855లో వడ్డీపరిమితి శాసనములు రద్దయినవి. ఉభయులు ఒప్పుకొన్న వడ్డీయే వడ్డీ అయ్యెను. 1859 నాటి కాలపరిమితి చట్టము సామాన్యమైన సొమ్ము దావాలకు మూడేండ్ల గడువు విధించెను. 1872లో కాంట్రాక్టు చట్టమును సాక్ష్యచట్టమును, 1881లో ప్రోనోట్లు, హుండీలు, చెక్కులను గూర్చిన చట్టమును వచ్చినవి. దాందుపట్ నియమమును బొంబాయి రాజధానిలోను కలకత్తా నగరములోను న్యాయస్థానములు నిలిపినవి. మద్రాసు రాజధాని పల్లెలకు ఆ రక్ష దక్కలేదు.

మూడేండ్ల గడువు ఋణస్థునికి మేలుచేయునని శాసనకర్తలు తలచి యుందురు. ఏటేట పంట పండు డెల్టాలో ఆ తలంపు కొంత నిజము కావచ్చును. మూడేండ్లలో రెండేండ్లు వాన తప్పు చోట అది విపరీతఫలము నిచ్చినది. గడువు ముగియవచ్చుచున్నదని అప్పిచ్చినవాడు తొందరపడును. దావా వేయుదునని బెదరించును. లేదా వడ్డీని అసలులో కలిపి క్రొత్త పత్రము వ్రాయించుకొనును. రైతు చేతిలో రొక్కము లేదు గనుక వ్రాసి యిచ్చును.

లెక్క వేసి చూతము. నూఱు రూపాయలు నెలకు నూటికి రెండు చొప్పున తెచ్చినవాడు మూడేండ్లకు 172 రూపాయలకు నోటు తిరుగ వ్రాయును. ఆఱేండ్లకు అది సుమారు 296 అగును. తొమ్మిదేండ్లకు సుమారు 509. పత్రములన్నిటను సామాన్యవడ్డీయే యున్నది. చక్రవడ్డీ యను మాట ఎచ్చటను లేదు. అయినను గడువే చక్రమును త్రిప్పినది. పాతధర్మము ననుసరించి, పత్రము మార్చనంత కాలము, ఈ అప్పు ఎన్నేండ్లు గడచినను రెండు వందలను దాటదు.

ఇట్టి బాధయే బొంబాయి రాజధానిలో 1875 నాటి దక్కను అల్లర్లకు కారణమైనది. పూనా, అహమ్మదునగరము జిల్లాల రైతులు షాహుకారుల యిండ్లపై బడి ముఖ్యముగా ఋణపత్రములను తగులబెట్టిరి. ఫలితముగా 1879లో దక్కను వ్యవసాయదారుల సహాయచట్టము వచ్చినది. మఱుసటి ఏడే, అనగా 1876లో, దత్తమండలముల మహాక్షామము ఆరంభమై 1878 వఱకు సాగినది. యాడికి అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. అనంతపురము జిల్లా 1882లో గాని ఏర్పడలేదు. మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప మండలములు ఆ క్షామమునకు మిక్కిలి నలిగినవి. పత్రములు కాల్చినవారికి నాలుగేండ్లలో చట్టము వచ్చెను. ఆకలితో మడిసినవారి సీమకు అట్టి చట్టము రాుటకు అఱువదేండ్లు పట్టెను.

4. 1938 శాసనము

నడుమ కాలమున యత్నములు లేకపోలేదు. ఫ్రెడరిక్ నికల్సన్ 1895–97లలో వ్యవసాయపు బ్యాంకులను గూర్చి విపులమైన నివేదిక వ్రాసెను. 1904లో సహకారపరపతి సంఘముల చట్టము వచ్చెను. 1918 నాటి చట్టము అన్యాయమైన వడ్డీని తగ్గించు అధికారమును న్యాయస్థానమునకు ఇచ్చెను. 1929లో మొదలైన ఆర్థికమాంద్యమున పంటల ధరలు పడిపోగా అప్పులు మాత్రము పడిపోలేదు. 1935లో సత్యనాథన్ మద్రాసు రాజధాని రైతుల ఋణభారముపై నివేదిక సమర్పించెను.

రాజగోపాలాచారి మంత్రివర్గము 1938లో చేసిన మద్రాసు వ్యవసాయదారుల సహాయచట్టము వీనికన్న సాహసోపేతమైనది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ యంతయు రద్దు. అసలునకు రెండింతలు ఇదివఱకే ముట్టినచో అప్పంతయు తీఱినట్లే. ఆపై చేయు అప్పులకు రూపాయికి నెలకు ఒక పై, అనగా ఏడాదికి నూటికి ఆఱుంబావల, సామాన్యవడ్డీ మాత్రమే. పత్రములు ఎన్నిమాఱులు తిరుగ వ్రాసినను మొదటి అసలును వెదకి పట్టుకొనవలెనని న్యాయస్థానములకు విధి ఏర్పడెను. ఎనుబదేండ్ల తరువాత ద్వైగుణ్యనియమము ఈ రూపమున తిరిగి వచ్చెనని మా అభిప్రాయము. గడువు త్రిప్పిన చక్రమును వెనుకకు త్రిప్పిన శాసనమిది.

ప్రోనోట్లు కేంద్రశాసనసభకు చెందిన విషయము గదా, వానిపై వడ్డీ తగ్గించుటకు రాష్ట్రములకు అధికారమున్నదా అను ఆక్షేపణ బయలుదేఱినది. బంగాళపు చట్టమును గూర్చి 1947లో ప్రీవీకౌన్సిలు, శాసనముయొక్క సారము వడ్డీవ్యాపార నియంత్రణమైనచో అది చెల్లునని తేల్చెను. ఆంధ్రప్రదేశమున 1977 నాటి ఋణవిముక్తి చట్టము చిన్నరైతులకు, వ్యవసాయకూలీలకు, గ్రామీణ వృత్తిపనివారికి వర్తించినది.

5. పత్రభాష

ఋణపత్రపు భాష ఈ సీమను ఏలినవారి వరుసను చూపును. అప్పు, కుదువ, చెల్లు దేశ్యములు. ఋణము, సాక్షి తత్సమములు, వడ్డి వృద్ధిశబ్దభవము. అసలు, బాకీ, వాయిదా, జామీను, ఫాయిదా అరబ్బీనుండియు, దస్తావేజు, రసీదు పారసీకమునుండియు వచ్చినవి. ప్రోనోటు, డిక్రీ ఆంగ్లపదములు. సి. పి. బ్రౌను 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రత్యేకముగా ప్రకటింపవలసి వచ్చుటకు కచేరీలలోని ఇట్టి భాషయే హేతువు. ముద్దాయి యను మాట విచిత్రమైనది. అరబ్బీలో దావా వేయువాడు ముద్దయీ. తెలుగున నేరము మోపబడినవాడు ముద్దాయి. కచేరీ భాష జనులకు ఎంత దూరమున నుండెనో ఈ తాఱుమాఱే చెప్పును.

ప్రోనోటుకు సాక్షులు ఉండితీరవలెనని చట్టము కోరదు. అయినను సాక్షుల సంతకములు, వ్రాసినవాని ‘దస్తూరి’ లేని నోటును పల్లెజనులు నమ్మరు. చట్టము ఆంగ్లేయులది, పత్రపు కట్టడి స్మృతికాలమునాటిది.

6. ప్రశ్నలకు సమాధానములు

ఇక మొదటి ప్రశ్నలకు వత్తము. నోటిమాట ఒప్పందమును చట్టము త్రోసిపుచ్చదు. ఋజువు చేయుటయే కష్టము. సాహుకారు చిట్టాపుస్తకమొక్కటే ఒకరిపై బాధ్యత మోపుటకు చాలదని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ సూత్రమునే నిలిపినది. స్టాంపు అంటించిన ఖాళీ కాగితముపై సంతకము చేసి యిచ్చినవాడు, దానిని పూరించు అధికారమును అవతలివానికి ఇచ్చినట్లే. సొమ్ము ముట్టలేదని చూపు భారము సంతకము చేసినవానిపై బడును. మూడేండ్లు దాటిన నోటుపై దావా చెల్లదు. గడువులోపల సంతకముతో బాకీ ఒప్పుకొన్నను, కొంత చెల్లించి తన చేతితో వ్రాసినను, గడువు మరల మొదలగును. గడువు దాటిన బాకీని చెల్లింతునని వ్రాసి సంతకము చేసినచో అదియు క్రొత్త ఒప్పందమే. కొడుకైనందున మాత్రమే తండ్రి అప్పునకు బద్ధుడను పాతధర్మమును 2005 నాటి హిందూవారసత్వ సవరణచట్టము అటుపై అప్పులకు తొలగించినది. తండ్రినుండి సంక్రమించిన ఆస్తి మేరకు మాత్రము బాధ్యత నిలుచును. వడ్డీ విషయమున 1938 శాసనము వ్యవసాయదారుని పక్షమున నున్నది. కాని దాని నడుగువాడు న్యాయస్థానమున నిలిచి అడుగవలెను.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. యాడికి రైతు తాడిపత్రికో గుత్తికో పోయి వకీలును పెట్టుకొనుట, మఱుసటి ఏటి విత్తనమునకు అప్పిచ్చువానితో విరోధము తెచ్చుకొనుటయే. 1987 నాటి న్యాయసేవల చట్టము పేదలకు ఉచితసహాయమును, లోక్ అదాలతులను ఏర్పఱచినది. అచ్చటి రాజీ డిక్రీతో సమానము. మన్రో మునసబు చావడిలోని సామీప్యము వీనిలో కొంత మరల కనబడుచున్నది. అయినను రాజీపత్రముపై వ్రేలు పెట్టుటకు ముందు మొదటి అసలు ఎంతయో, ఇంతవఱకు ముట్టినది ఎంతయో లెక్క చూచువారు కావలెను. కేతన ధర్మశాస్త్రమును తెలుగు చేసినది ఈ అక్కఱకే. ఆ పని నేటికిని ముగియలేదు.