కేసు షీటుకు ఎక్కని కారణం

భర్త చేతిలో దెబ్బలు తినే ఆడవాళ్ల మీద 1964లో అమెరికాలోని ఒక పేరున్న మానసిక వైద్య పత్రిక వ్యాసం వేసింది. కొట్టేవాడి సంగతి అలా ఉంచి, తన్నులు తినే భార్యల స్వభావంలోనే లోపం వెతికారు ఆ వైద్యులు. గృహహింస విషయంలో వైద్యశాస్త్రం ఎంత వెనక నుంచి నడక మొదలుపెట్టిందో చెప్పడానికి ఆ ఒక్క వ్యాసం చాలు.

కదలిక ఆసుపత్రుల బయట మొదలైంది. 1971లో లండన్‌లోని చిజిక్‌లో ఎరిన్ పిజ్జీ బాధిత స్త్రీలకు ఆశ్రయం తెరిచారు. ఆసుపత్రి లోపలి నిజాన్ని బయటపెట్టింది మాత్రం యేల్ వైద్య విద్యార్థిని యాన్ ఫ్లిట్‌క్రాఫ్ట్. గాయాలతో ఎమర్జెన్సీకి వచ్చిన 481 మంది స్త్రీల రికార్డులు ఆమె తిరగేశారు. ఇవాన్ స్టార్క్ తదితరులతో కలిసి 1979లో ప్రచురించిన ఫలితాలు ఇప్పటికీ కలవరపెడతాయి. వైద్యులు 35 మందిలో ఒక్కరినే హింసకు గురైనట్టు గుర్తించారు. అవే రికార్డులను జాగ్రత్తగా చదివితే ఆ సంఖ్య దాదాపు నలుగురిలో ఒకరు! కట్టు కట్టారు, నొప్పి మాత్రలూ మత్తు మాత్రలూ రాశారు; దెబ్బ ఎలా తగిలిందని గట్టిగా అడిగినవాళ్లు లేరు. మళ్లీ మళ్లీ వచ్చిన స్త్రీకి హిస్టీరియా ముద్ర వేశారు.

1996లో ప్రపంచ ఆరోగ్య సభ హింసను ప్రజారోగ్య సమస్యగా ప్రకటించింది. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పది దేశాల్లో 24,000 మంది స్త్రీలతో మాట్లాడి వెలువరించిన అధ్యయనం ఈ మాటకు బలమిచ్చింది. ఎప్పుడో దెబ్బలు తిన్నవాళ్లలోనూ ఒళ్లు నొప్పులు, కళ్లు తిరగడం, మతిమరుపు, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా కనిపించాయి.

మన దేశంలో భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరంగా చేసిన 1983 నాటి శిక్షాస్మృతి 498-ఎ సెక్షన్ బాధితురాలికి పోలీసు స్టేషన్ దారి చూపింది. ఆసుపత్రి దారి తెరవడానికి మరో పదిహేడేళ్లు పట్టింది. 2000 ప్రాంతంలో ముంబయి నగరపాలక సంస్థ, సెహత్ అనే పరిశోధన సంస్థ కలిసి బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో బాధిత స్త్రీల కోసం 'దిలాసా' కేంద్రాన్ని ప్రారంభించాయి. పురుగుల మందు తాగినవాళ్లను 'పొరపాటున తాగింది' అని రాసి పంపేసే చోట, ఎందుకు తాగావమ్మా అని అడగడం సిబ్బందికి నేర్పారు. 2006లో అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం, అడిగిన బాధితురాలికి ఆసుపత్రి వైద్యం అందించి తీరాలని చెప్పింది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన స్త్రీలలో భర్త హింసను చవిచూశామన్నవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఆసుపత్రికి వచ్చిన స్త్రీలో అనుమానం కలిగించే లక్షణాలు కనిపిస్తే, ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగమంటాయి 2013 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు. భర్తో అత్తగారో పక్కనే నిలబడి ఆమె బదులు జవాబులు చెప్పే మన ఓపీ గదుల్లో, ముందు వాళ్లను కాసేపు బయట కూర్చోమనడంతోనే చికిత్స మొదలవ్వాలి.