నెల్లూరు సీమలో ఆంబోతు: పుల్లరి నుంచి వేలం దాకా

ఉపోద్ఘాతం

'ఆంబోతు' అన్న మాట నేటి తెలుగులో ఎక్కువగా తిట్టుగానే వినిపిస్తుంది. పనీపాటా లేక ఊరిమీద పడి తిరిగేవాణ్ని 'అచ్చుపోసిన ఆంబోతు' అంటారు. 'ఆ' అంటే ఆవు, 'పోతు' అంటే మగది. మాట పుట్టుకలో నింద ఏమీ లేదు. మందకు తండ్రిగా ఎన్నుకున్న పశువు పేరు నిందావాచకమైన తీరును నిఘంటువు ఒక్కటే వివరించలేదు. అందుకు పశుపోషణ చరిత్రను చూడాలి. ఉత్తరాన ఒంగోలు తాలూకా నుంచి, దక్షిణాన చెన్నపట్నం బాట మీద ఉన్న మనుబోలును దాటి విస్తరించిన పాత నెల్లూరు జిల్లా ఆ చరిత్రకు ముఖ్య క్షేత్రం. ఆంబోతును అమ్మకపు సరుకు కాకుండా నిలిపిన ఏర్పాటు ఎలాంటిదో, అది ఎందుకు చెదిరిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కోడెదూడ విలువ

నెల్లూరు సీమలో మగదూడ విలువను తెలిపే ప్రసిద్ధ కథ కాటమరాజుది. తంగిరాల వెంకట సుబ్బారావు పరిష్కరించిన కాటమరాజు కథలను ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1970లలో ప్రచురించింది. కరవుకాలంలో నెల్లూరు రాజ్యపు బీళ్లలో మందలను మేపుకోవడానికి కాటమరాజు కౌలు రాసుకుంటాడు. అందుకు పుల్లరిగా ఇవ్వవలసినవి కోడెదూడలు. ఆ పుల్లరి ఆగిపోవడమే ఖడ్గ తిక్కన ప్రాణం బలిగొన్న పోరుకు దారితీసింది. ఇది కథాగానం, శాసనంతో సమానంగా దీన్ని వాడలేం. అయితే కౌలులోని తర్కం గమనింపదగినది. గొల్లవాడు ఆవును వదులుకోడు, ఎందుకంటే ఆవే మంద. మగదూడ చేతులు మారగలిగిన సంపద.

మగదూడకు మూడు గతులున్నాయి. పుల్లరిగానో బేరంలోనో మంద విడిచిపోవడం మొదటిది. విత్తులు కొట్టించుకొని కాడి కిందికి రావడం రెండోది. మనుబోలు వంటి మాగాణి గ్రామాలకు కావలసింది ఇలాంటి దుక్కి ఎద్దే. బేరానికీ కాడికీ దూరంగా, ఊరి ఆవులన్నిటికీ ఉమ్మడిగా మిగలడం మూడోది. జాతి నాణ్యత ఈ మూడో గతి మీదే ఆధారపడింది.

ఎంపిక, విడుపు

మూడో గతికి రూపమిచ్చిన ఆచారం వృషోత్సర్గం. మరణించినవారి పేరిట కర్మకాండలో భాగంగా కోడెకు శూలం, చక్రం ముద్రలు కాల్చి వదిలేవారు. 'అచ్చు' అన్నది ఆ ముద్రే. గుండ్లకమ్మ, మూసి, పాలేరు నదుల నడుమ ఒంగోలు జాతి పుట్టిన నేలలో ఇది కేవలం కర్మకాండగా మిగలలేదు. వదలదగిన దూడను పశులక్షణం తెలిసిన ఊరి పెద్దలు చూసి ఒప్పుకోవాలి. మూపురం, గంగడోలు, చర్మం, ఒంటి మీది సుళ్లు చూసేవారు. కాళ్ల తీరు, గిట్టల గట్టిదనం మరీ ముఖ్యం. ఎంత అందమైన కోడె అయినా వెనుక కాళ్లు బలహీనమైతే ఆవును దాటలేదు. ఏళ్ల తరబడి ఊరికి ఆధారం కాలేదు.

విడిచిన ఆంబోతు ఏ చేలో మేసినా ఎవరూ కొట్టరాదు. దాని మేత ఖర్చు ఊరంతటిదీ, దాని సంతానం కూడా ఊరంతటిదే. ఈ సమానత్వానికి ఒక లోపముంది. పుణ్యం వదిలిన కుటుంబానికి దక్కేది. కోడెను వదిలే స్తోమత లేని పేదరైతు పైరు కూడా మేతగా పోయేది. 'అచ్చుపోసిన ఆంబోతు' అన్న నిందలో ఆ రైతు ఫిర్యాదు వినిపిస్తుంది.

ఎవరి ఆస్తి?

ఆంగ్లేయుల న్యాయవ్యవస్థకు ఈ ఉమ్మడితనం అంతుపట్టలేదు. అలహాబాదు హైకోర్టు 1885లో, కలకత్తా హైకోర్టు 1890లో వృషోత్సర్గంలో విడిచిన పశువు ఎవరి ఆస్తీ కాదని క్రిమినల్ కేసుల్లో తీర్పు చెప్పాయి. ఊరు 'అందరిది' అనుకున్నదాన్ని చట్టం 'ఎవరిదీ కాదు' అని చదివింది. ఆ తర్కం ప్రకారం దాన్ని పట్టుకుపోయినవాడు దొంగ కాడు. కట్టుబాటు బలంగా ఉన్నంతకాలమే ఆంబోతుకు రక్షణ.

తరువాత ఆ బాధ్యతను ప్రభుత్వం తలకెత్తుకుంది. నెల్లూరు జిల్లా చింతలదేవిలో 1918లో పశుక్షేత్రం వెలిసింది. మంచి ఆంబోతులను ఊళ్లకు దానమివ్వాలని 1936లో వైస్రాయి లిన్‌లిత్‌గో పిలుపునిచ్చాడు. ఒక రకంగా అది పాత విడుపుకు లౌకిక రూపం. మద్రాసు పశుసంపద అభివృద్ధి చట్టం (1940) ఆంబోతును లైసెన్సు కిందికి తెచ్చింది. మొదటి పంచవర్ష ప్రణాళికతో కృత్రిమ గర్భధారణ గ్రామాలకు చేరింది.

ఓడ, వేలం

ఈలోగా మొదటి గతి సముద్రం దాటింది. బ్రెజిల్ పశుపోషకుల చరిత్ర ప్రకారం 1868లో ఇంగ్లండు వెళ్తున్న ఓడ సాల్వడార్ రేవులో ఆగినప్పుడు ఒక జత పశువులు అక్కడ అమ్ముడయ్యాయి. 1878లో లెమ్‌గ్రూబర్ అనే పోషకుడు హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి మరో జతను కొన్నాడు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే స్వదేశంలో 'ఒంగోలు' అయిన జాతి అక్కడ 'నెలోర్' అయింది. 1960ల తొలినాళ్లలో వెళ్లిన కోడెల్లో 'కర్వాడి' పేరుపొందింది. ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరు అందులో నిలిచింది.

నేడు బ్రెజిల్ మాంసపు పశువుల్లో అధికభాగం నెలోర్ సంతతి. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా వేలంలో అమ్ముడైంది; ఆ లెక్కన దాని పూర్తి విలువ 40 లక్షల డాలర్లు దాటింది. నెల్లూరు సీమలో ఉమ్మడి అంటే వాటాలు లేకపోవడం. అక్కడ ఉమ్మడి అంటే ఒక పశువును వాటాలుగా పంచుకోవడం.

ముగింపు

ఆంబోతు విదేశాలకు అమ్ముడుపోవడం వల్లనే ఒంగోలు జాతి దెబ్బతిందనడం పాక్షిక సత్యం. బీళ్లు సాగులోకి రావడం, కట్టుబాటు సడలడం, కాడికి బదులు ట్రాక్టరు రావడం కలిసి మూడో గతిని మూసివేశాయి. మంచి కోడెను పెంచిన రైతుకు అమ్మకం ఒక్కటే ప్రతిఫలంగా మిగిలింది. ఊరికోసం దాన్ని నిలిపే ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు పుణ్యం, చట్టం, పథకం వరుసగా జవాబు చెప్పాయి. ఏ జవాబూ ఆ భారాన్ని అందరికీ న్యాయంగా పంచలేదు. ఆంబోతు వీధిలోంచి వెళ్లిపోయింది; దాని మేత ఖర్చు మోసినవాడి కోపం మాత్రం భాషలో తిట్టుగా మిగిలింది.