కూర్ ప్రభు-బిషప్పుల చిల్లర నాణేలు

పరిచయం

నాణేల చరిత్ర అనగానే మనకు బంగారు, వెండి నాణేలు గుర్తుకు వస్తాయి. కానీ సామాన్యుని చేతిలో రోజూ మెలిగినది చిల్లర. ఈ భాగంలో మీరు అటువంటి ఒక చిన్న నాణెం ద్వారా రాజ్యాధికారానికి, ప్రజల జీవనానికి గల సంబంధాన్ని తెలుసుకుంటారు.

చారిత్రక నేపథ్యం

కూర్ పట్టణం నేటి తూర్పు స్విట్జర్లాండ్‌లోని గ్రాబుండెన్ ప్రాంతంలో ఉంది. అక్కడి బిషప్పు మతాధికారి మాత్రమే కాదు, పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో ఒక ప్రభువు కూడా. అందుకే అతనిని ప్రభు-బిషప్పు అంటారు. కూర్ బిషప్పులకు నాణేలు ముద్రించే హక్కు 10వ శతాబ్దంలోనే, మొదటి ఒటో కాలంలో లభించింది.

మత సంస్కరణోద్యమం ఈ పరిస్థితిని మార్చింది. 1524, 1526 సంవత్సరాల ఇలాంజ్ శాసనాలు బిషప్పు లౌకికాధికారాన్ని బాగా కుదించాయి. కూర్ పట్టణం ప్రొటెస్టెంటు మతాన్ని స్వీకరించింది. పట్టణానికి ఎగువన ఉన్న 'హోఫ్' అనే కోటపేట మాత్రం బిషప్పు చేతిలో మిగిలింది. అయినా అతను నాణేల హక్కును వదులుకోలేదు. తన పేరుతో నాణెం చెలామణి అవుతున్నంతకాలం తాను ప్రభువునేనని చాటుకోవచ్చు కదా!

బ్లుట్జర్ నాణెం

17, 18 శతాబ్దాలలో ఈ ప్రాంతపు ముఖ్యమైన చిల్లర నాణెం బ్లుట్జర్. దీనిని వెండి తక్కువగా, రాగి ఎక్కువగా కలిపిన 'బిలన్' అనే మిశ్రలోహంతో చేసేవారు. స్థానిక లెక్క ప్రకారం 1 గుల్డెన్‌కు 60 క్రాయిట్జర్లు లేదా 70 బ్లుట్జర్లు. అంటే 35 బ్లుట్జర్లు 30 క్రాయిట్జర్లకు సమానం.

వెండి ఎందుకు తగ్గించారు?

ఒక పెద్ద నాణేన్ని అచ్చువేయడానికి అయ్యే శ్రమలో పెద్ద తేడా లేకుండానే ఒక చిన్న నాణేనికీ శ్రమ అవసరం. గుల్డెన్ విలువకు సరిపడే చిల్లర కావాలంటే 70 సార్లు అచ్చువేయాలి. ఈ ఖర్చు రాబట్టుకోవడానికి నాణెంలో వెండిని తగ్గించేవారు. ముఖవిలువకు, లోహపు విలువకు మధ్య తేడా ఎంత పెరిగితే ముద్రించినవారికి లాభం అంత ఎక్కువ. అందువల్ల అవసరానికి మించి ముద్రించాలనే ఆశ పుడుతుంది.

పైగా బిషప్పు ఒక్కడే కాదు, కూర్ పట్టణం కూడా నాణేలు ముద్రించేది. 1612లో మతియాస్ చక్రవర్తి హాల్డెన్‌స్టైన్ ప్రభువుకూ ఆ హక్కు ఇచ్చాడు. ఇరుగుపొరుగున ఇన్ని టంకశాలలు ఉంటే నాసిరకం చిల్లర పెరుగుతుంది. అప్పుడు మంచి వెండి నాణేలను జనం దాచుకుంటారు, తక్కువ రకం చేతులు మారుతుంది. దీనినే గ్రెషాం సూత్రం అంటారు. చిల్లర విలువ పడిపోతే వెండి దాచుకున్నవారికి నష్టం లేదు. కూలి చిల్లరలో తీసుకున్నవాడే నష్టపోతాడు.

ముగింపు

గ్రాబుండెన్ 1803లో స్విస్ కాంటన్ అయింది. 1848 రాజ్యాంగం నాణేల ముద్రణను కేంద్ర ప్రభుత్వానికి అప్పగించింది. 1850 చట్టంతో 100 రాపెన్ల ఫ్రాంకు దేశమంతటా ప్రమాణమైంది, బ్లుట్జర్ కనుమరుగైంది. ఈసారి మీరు ఒక పాత చిల్లర నాణేన్ని చూసినప్పుడు దానిపై ఉన్న పేరుతోపాటు, దానిలోని లోహాన్ని కూడా ప్రశ్నించండి. పేరు పాలకుని హక్కును చెబుతుంది, లోహం ఆ హక్కుకు మూల్యం ఎవరు చెల్లించారో చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అధికారం తగ్గినా కూర్ బిషప్పు నాణేల హక్కును ఎందుకు నిలుపుకున్నాడు?
2. 105 బ్లుట్జర్లు ఎన్ని క్రాయిట్జర్లకు సమానం?
3. చిల్లర నాణేలలో వెండి తగ్గితే ఎక్కువగా నష్టపోయేది ఎవరు? కారణాలు రాయండి.