ఓడలో సంసారము: ఒప్పంద కూలీల సముద్రయానమున దినచర్య

యర్రగొండపాలెము నల్లమల తూర్పు అంచున నున్న మెట్టసీమ గ్రామము. ఈ ప్రాంతపు జనులు పూర్వమెరిగిన జలయానము కృష్ణను దాటించు పుట్టి మాత్రమే. పుట్టిలో వంట లేదు, నిద్ర లేదు, బట్టలుతుకుట లేదు. ఎక్కినవాడు ఆవలి గట్టున దిగిపోవును. అయినను 19వ శతాబ్దిలో తెలుగు మెట్టసీమలనుండియు, తీరసీమలనుండియు వేలకొలది జనులు ఓడలెక్కి, వారముల తరబడి నీటిమీదనే సంసారము సాగించిరి. మారిషసు, నెటాలు, ఫిజీ దేశముల చెరకు తోటలకు పోయిన ఒప్పంద కూలీలు వారు. వారి వలసను గూర్చిన చరిత్రలలో ఓడల పేర్లును, ఎక్కినవారి, దిగినవారి, మరణించినవారి లెక్కలును విరివిగా కలవు. ఎక్కుటకును దిగుటకును నడుమ వారు ఎట్లు వండుకొనిరి, ఎచ్చట పడుకొనిరి, ఓడను ఎవరు ఊడ్చిరి అను విషయములకు అంత చోటు దొరకలేదు. ఈ చిన్న పనులలోనే ఒక పెద్ద మార్పు జరిగినదని చూపుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఈ సీమ జనులకు ఊరు విడుచుట కొత్త గాదు. వాన తప్పిన యేట పైరు గలిగిన చోటికి కూలికి పోవుట ఇచటి వాడుక. కాని 1876-78 సంవత్సరముల ధాత కరువు అట్టి వాడుకలతో తీరునది కాదు. యర్రగొండపాలెము నాడు కర్నూలు జిల్లా మార్కాపురము తాలూకాలో నుండెను. ప్రకాశము జిల్లా ఏర్పడుట 1970 నాటి మాట. 1871 నాటికిని 1881 నాటికిని నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గిపోయెను. చావగా మిగిలినవారిలో కొందరు కరువు పనులకు పోయిరి. చెన్నపట్టణమున బకింగుహాము కాలువను కలుపు త్రవ్వకము అట్టి కరువు పనియే. మరికొందరు పట్టణము చేరి, కూలీలను కుదుర్చువారి మాట విని రేవు దాటిరి.

ఈ వలస కరువునాడే పుట్టినది గాదు. ఆంగ్లరాజ్యపు వలసదేశములలో బానిసత్వమును రద్దుచేయు శాసనము 1833లో పుట్టగా, తోటల యజమానులకు క్రొత్త కూలీలు కావలసివచ్చిరి. మారిషసునకు 1834 నుండియే భారతీయులు పోసాగిరి. నెటాలు దేశమునకు మొదటి కూలీలను గొనిపోయిన ‘ట్రూరో’ ఓడ చెన్నపట్టణమునుండియే బయలుదేరి, 1860 నవంబరు 16న డర్బను చేరెను. ఆ ప్రయాణమునకు సుమారు 5 వారములు పట్టెను. 1860 నుండి 1911 వరకు నెటాలు చేరిన 152,184 మందిలో చెన్నపట్టణమునుండి పోయినవారే అధికులు. వారిలో తెలుగువా రనేకులు. ఫిజీకి కలకత్తానుండి 1879లోనే ఓడలు మొదలైనను, చెన్నపట్టణమునుండి పోయినది 1903 మొదలు. ఆ ఓడల రాక 1916లో ముగిసెను.

ఓడ జీవనము నిజమునకు రేవులోని డిపోలోనే ఆరంభమయ్యెడిది. అచట వైద్యపరీక్ష జరుగును. పేరు, తండ్రిపేరు, వయసు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము పట్టికలో వ్రాయబడును. సంఖ్య చెక్కిన తగరపు బిళ్ల యొకటి చేతికి వచ్చును. కంబళి, తగరపు పళ్లెము, చెంబు ఇత్తురు. ఇంటినుండి తెచ్చుకొన్న మూటకంటె ఈ పళ్లెము, చెంబు ముఖ్యమైనవి. ఏలననగా రాబోవు దినములలో అన్నమునకును నీటికిని ఇవియే ఆధారము. డిపోలో అపరిచితులు ఒకే కప్పు క్రింద పడుకొని, ఒకే పొయ్యి కూడు తినుట నేర్చిరి. సముద్రము చూడకముందే సముద్రపు మర్యాద వారికి కొంత అలవాటయ్యెను.

ఓడలో వారి నివాసము పైడెక్కునకును సరకుల అరకును నడుమనున్న అంతస్తు. ముందుభాగమున ఒంటరి పురుషులు, నడుమ దంపతులు, వెనుకభాగమున ఒంటరి స్త్రీలు ఉండెడివారు. ఫిజీ వలస నిబంధనలను బట్టి నూర్గురు పురుషులకు 40 మంది స్త్రీలు ఉండవలెను. ఒక్కొక్కరికి దక్కిన చోటు స్వల్పము. 1893లో ఫిజీ చేరిన తోతారామ్ సనాఢ్య 1914లో ప్రకటించిన హిందీ గ్రంథమున అది ఒకటిన్నర అడుగు వెడల్పు, ఆరడుగుల పొడవు అని తెలిపెను. మెట్టయూరి పూరింటిలోనైనను అరుగు, పెరడు, పశువుల కొట్టము ఉండును. ఇచట గోడలేదు, గడపలేదు. కంబళి పరచిన మేరయే ఇల్లు. దానిని మడిచిపెట్టుటయే ఇల్లు సర్దుట.

తెల్లవారగానే మొదటి పని ఈ ఇంటిని ఎత్తుట. వాతావరణ మనుకూలించిననాడు అందరును పక్కబట్టలు చుట్టుకొని డెక్కుపైకి రావలెను. బట్టలు ఎండలో ఆరవేయుదురు. క్రింది అంతస్తును ఊడ్చి, బల్లలను గీకి, ఇసుకతో రుద్దెదరు. బల్లలపై నీరు నిలిచినచో చెమ్మయు, చెమ్మవలన రోగమును పుట్టునని పొడిగానే శుభ్రము చేయుటకు మొగ్గు చూపెడివారు. ఈ శ్రద్ధ దయవలన మాత్రమే పుట్టినది గాదు. ఓడలోని వైద్యాధికారికి జీతము ప్రాణములతో దిగిన తలల లెక్కను బట్టి లభించెడిది. విషూచి యొకపరి ఓడలో చొచ్చినచో పారిపోవుటకు చోటుండదు. కావున చీపురు పట్టుట అచట ప్రాణరక్షణోపాయము.

తరువాతి పని వంట. డెక్కుపై కట్టిన పొయ్యిలమీద పెద్ద పాత్రలలో అందరికిని ఒక్కచోట వండెదరు. వండువారికి భండారీలని పేరు; వారిని వలసపోవువారిలోనుండియే ఎన్నుకొనెడివారు. ఇరువదియో ఇరువదియైదో మందికి ఒక సర్దారు ఉండి, తన గుంపును వరుసలో కూర్చుండబెట్టి అన్నము పంచించును. దినమునకు రెండు పూటల భోజనము. బియ్యము, పప్పు, నెయ్యి, నూనె, ఉప్పు, పసుపు, మిరప, చింతపండు, ఉల్లి, అపుడపుడు ఎండుచేప లేక మాంసము దినవెచ్చములలో నుండెను. మార్కాపురపు మెట్టలలో జొన్నయు, కొర్రయు, ఆరికయు నిత్యాహారము. వరియన్నము పండుగనాటి మాట. కరువునుండి తప్పించుకొన్నవానికి ఓడలో దినదినము వరియన్నము దొరకెను. అయినను ఆ అన్నమునకు కృతజ్ఞత చూపవలసిన పని లేదు. చెరకు తోటలో ఐదేండ్లు పనిచేయగల శరీరమును సిద్ధపరచుటయే దాని ప్రయోజనము.

గాలి పెచ్చుపెరిగినపుడు పొయ్యి వెలిగించుట ప్రమాదము. అట్టి దినములలో అటుకులు, బెల్లము, బిస్కత్తులు పంచెదరు. తొలిదినములలో ఓడ కుదుపునకు తలతిరిగి వాంతులు చేసుకొనువారు ఈ పొడి తిండిని గూడ ముట్టలేకపోవుదురు. త్రాగు నీరు కొలచి పోయబడును. బావికి కడవతో నడచుట నేర్చిన ఆడువారికి నీటి కరువు తెలియనిది గాదు. కాని చుట్టును కనుచూపుమేర నీరుండగా చెంబునకు లెక్క చూచుకొనుట వింత. స్నానమునకును బట్టలుతుకుటకును సముద్రజలమే గతి. ఆ ఉప్పు నీట ఉతికిన చీర ఎండినను బిరుసుగానే నిలుచును. చీకటి పడిన తరువాత క్రింది అంతస్తున నిప్పుపై కట్టుదిట్టము. దీపములకు కావలి యుండును.

పగటి మిగులుకాలమున తలలు దువ్వుకొనుట, చిరిగినది కుట్టుకొనుట, పిల్లల నాడించుట, రోగులకు గంజి యందించుట జరుగుచుండెను. సాయంకాలమున పాటకును, వాద్యమునకును, కుస్తీకిని అధికారులు అడ్డుచెప్పక ప్రోత్సహించెడివారు. దిగులుపడినవాడు తిండి మానును, తిండి మానినవాడు రోగి యగునని వారెరుగుదురు. ఈ పనులు కూలీ పట్టికలో నెక్కవు. అయినను అపరిచితులను ఒకరి కొకరిని కావలసినవారినిగా చేసినవి ఇవియే. జ్వరము తగిలినవాని చెంబును పక్క కంబళివాడు నింపి తెచ్చినపుడు, అతని దేయూరని అడుగుట తరువాతి మాటయైనది.

ఇక కులము సంగతి. ఊరిలో ఎవరి చేతినీరు ఎవరు త్రాగవచ్చునను నియమమును ప్రతి పూటయు నిలిపినవి వంటిల్లు, బావి, పంక్తి. ఓడలో వంటిల్లు ఒకటి, నీటితొట్టి ఒకటి, పంక్తి ఒకటి. భండారీలను ఎన్నుకొనునపుడు ఎవరు వండిన నలుగురును తిందురో అట్టి కులములవారిని కోరెడివారు. అనగా అధికారులును నియమమును పూర్తిగా త్రోసివేయలేదు. కాని పక్కన కూర్చుండువానిని ఎన్నుకొను స్వేచ్ఛ తినువానికి లేదు. ఏ ఉపదేశమును లేకయే, ఆకలియు స్థలసంకోచమును ఈ మార్పును తెచ్చినవి.

అయితే ఇందలి రెండవ పార్శ్వమును మరువరాదు. మరుగుదొడ్లు శుభ్రపరచు పనికి ‘టోపాజు’లను నియమించెడివారు. అందుకు చిన్న ప్రతిఫలమును గలదు. ఆ పనికి మొట్టమొదట వెదకబడినవారు ఊరిలో ఆ పని మోసిన కులములవారే. పళ్లెముల నడుమ దూరము తగ్గెను గాని చీపురు చేతులు మారలేదు. ఓడ కులమును కడిగివేసెనని చెప్పువారు భండారీని చూచి టోపాజును చూడకున్నారు. ఓడలో నేమియు మారలేదనువారు టోపాజును చూచి పంక్తిని చూడకున్నారు. రెండును ఒకే డెక్కుమీద, ఒకే ఉదయమున జరిగినవి.

రేవు చేరినపుడు ఈ సంసారము ఒక్కదినమున చెదరిపోయెడిది. ఓడలో ఒకే పొయ్యి కూడు తిన్నవారిని వేర్వేరు తోటలకు పంచెడివారు. అయినను ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు ‘జహాజీ భాయి’ యని పిలుచుకొని తోబుట్టువులతో సమానముగా చూచుకొనుట ఫిజీ మొదలగు దేశముల వాడుక. చేసిన ఒప్పందము తోట యజమానితో. కుదిరిన బంధుత్వము కంబళి పక్క కంబళితో. ఊరిలో బంధుత్వమునకు రక్తము మూలము కాగా, ఇచట నీరు నింపి తెచ్చిన చెంబు మూలమయ్యెను.

నెటాలు ఓడల పట్టికలు నేటికిని డర్బనులో భద్రముగా నున్నవి. గ్రామమను గడిలో మన మెట్టయూళ్ల పేర్లు ఆంగ్లలిపిలో చెడిన రూపమున నుండవచ్చును. స్థలనామములను ఎరిగిన తెలుగు పరిశోధకుడే వానిని గుర్తుపట్టగలడు. అట్లు గుర్తుపట్టిన పేరును సంఖ్యగా విడిచిపెట్టక, తగరపు పళ్లెము పట్టుకొని వరుసలో కూర్చున్న మనిషిగా చూడవలెను. అతడు ఏ చెంబుతో నీరు త్రాగెను, అతని చేతి కెవరు చీపురిచ్చిరి అను ప్రశ్నలు చిన్నవి గావు. ఆ ప్రశ్నలకు సమాధానము వెదకినపుడే వలస చరిత్రమున మన జనుల చరిత్రము చేరును.