డీప్ బ్లూని కాస్పరోవ్ మీదికి ఎలా తయారు చేశారు?

1997 మే 11, న్యూయార్క్. ఒక పెద్ద బిల్డింగ్‌లో 35వ అంతస్తు. ప్రపంచ చెస్ ఛాంపియన్ గ్యారీ కాస్పరోవ్ 19 ఎత్తులకే ఆట వదిలేసి లేచి వెళ్లిపోయాడు. ఎదురుగా ఉన్నది ఐబీఎమ్ కంప్యూటర్, డీప్ బ్లూ. మనిషి మీద మెషీన్ గెలిచిందని ప్రపంచమంతా చెప్పుకుంది. ఇప్పటికీ అలాగే చెప్పుకుంటున్నాం. కానీ ఆ మెషీన్‌ని తయారు చేసిన విధానం చూశాక, నాకు ఆ మాట సగమే నిజం అనిపించింది. ఎందుకో చెప్తాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఫెంగ్-శ్యూంగ్ షూ అనే స్టూడెంట్ చెస్ కోసమే ఒక చిప్ డిజైన్ చేశాడు. అతనితో ముర్రే క్యాంప్‌బెల్, మన భారతీయుడు థామస్ అనంతరామన్ లాంటివాళ్లు కలిశారు. వాళ్లు చేసిన మెషీన్ పేరు డీప్ థాట్. 1989లో కాస్పరోవ్ దానితో రెండు ఆటలు ఆడి, రెండూ గెలిచాడు.

తర్వాత ఈ పని ఐబీఎమ్‌కి వెళ్లింది, డీప్ బ్లూ పుట్టింది. 1996 ఫిబ్రవరి, ఫిలడెల్ఫియా. మొదటి ఆటలోనే డీప్ బ్లూ గెలిచేసింది! మామూలు టోర్నమెంట్ టైమ్‌లో వరల్డ్ ఛాంపియన్‌ని ఒక కంప్యూటర్ ఓడించడం అదే మొదటిసారి. కానీ కాస్పరోవ్ తేరుకుని, దాని బలహీనతలు పట్టుకుని, 4-2తో మ్యాచ్ గెలుచుకున్నాడు.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. మళ్లీ మ్యాచ్‌కి 15 నెలల టైమ్ ఉంది. టీమ్ ఏం చేసింది?

మొదటిది, స్పీడ్. కొత్త చిప్‌లు చేశారు. మొత్తం 480 చెస్ చిప్‌లు, సెకనుకి దాదాపు 20 కోట్ల పొజిషన్లు చూడగలవు. కానీ ఒక్క స్పీడే సరిపోదని వాళ్లకి ఫిలడెల్ఫియాలోనే అర్థమైంది. కోట్ల పొజిషన్లు చూడొచ్చు సరే, వాటిలో ఏది మంచిదో ఎవరు చెప్పాలి?

అందుకే రెండోది, గురువు. అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ జోయెల్ బెంజమిన్‌ని పెట్టుకున్నారు. ఆయన పని మెషీన్‌తో ఆడటం, అది ఎక్కడ తెలివితక్కువగా ఆడుతోందో చూపించడం. ఉదాహరణకి ఏనుగు తీసుకోండి. బంట్లు లేని ఖాళీ వరసలో ఏనుగు ఉంటే బలం, ఇది ఏ ప్రోగ్రామ్‌కైనా తెలుసు. కానీ ఇప్పుడు మూసుకుని ఉన్న వరస రేపు తెరుచుకోవచ్చు కదా? మంచి ప్లేయర్ ఏనుగుని ముందే అక్కడ పెట్టి కాచుకుంటాడు. డీప్ బ్లూకి ఇలాంటివి కూడా లెక్కలోకి తీసుకోవడం నేర్పారు. ఒక పొజిషన్‌ని అంచనా వేయడానికి అది చూసే అంశాలు సుమారు 8,000.

మూడోది, ఓపెనింగ్స్. బెంజమిన్‌తో పాటు మిగెల్ ఇయెస్కాస్, నిక్ డి ఫర్మియన్, జాన్ ఫెడరోవిచ్ అనే గ్రాండ్‌మాస్టర్లు దాదాపు 4,000 పొజిషన్లతో ఒక ఓపెనింగ్ బుక్ తయారు చేశారు. దానికి తోడు 7 లక్షల గ్రాండ్‌మాస్టర్ ఆటల డేటా.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. కాస్పరోవ్ ఆడిన ఆటలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, డీప్ బ్లూ టీమ్ చదువుకోవచ్చు. కొత్త డీప్ బ్లూ ప్రాక్టీస్ ఆటలు మాత్రం కాస్పరోవ్‌కి ఇవ్వలేదు. పైగా ఆటకీ ఆటకీ మధ్య ప్రోగ్రామ్ మార్చుకోవచ్చని రూల్స్‌లో ఉంది. కాబట్టి ఆయన తెలియని శత్రువుతో ఆడాడు. అందుకే మెషీన్‌ని దాని బుక్‌లోంచి బయటకి లాగాలని, మూడో ఆటలో రాజు ముందు బంటూ మంత్రి ముందు బంటూ రెండడుగులు వేసే అలవాటు వదిలేసి, మంత్రి బంటుని ఒక్క గడే జరిపాడు. వరల్డ్ ఛాంపియన్ ఆడే మొదటి ఎత్తు కాదది!

మొదటి ఆట కాస్పరోవ్ గెలిచాడు. రెండో ఆటలో డీప్ బ్లూ అచ్చం మనిషిలా, ఓపిగ్గా ఆడింది. కాస్పరోవ్ ఆట వదిలేశాడు. తర్వాత చూస్తే ఆ పొజిషన్‌లో డ్రా చేసుకునే దారి ఉంది! లోపల ఎవరో మనిషి సాయం చేశాడని ఆయనకి అనుమానం. తర్వాతి మూడు ఆటలూ డ్రా. ఆరో ఆటలో ఆయన ఒక బంటు ఎత్తు వేయగానే, డీప్ బ్లూ గుర్రాన్ని బలి ఇచ్చేసింది. ఆ బలి మెషీన్ ఆలోచించి ఇచ్చింది కాదు, బుక్‌లో ఉంది. ఆ రోజు పొద్దునే దాన్ని బుక్‌లో పెట్టామని ఇయెస్కాస్ చాలా ఏళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ఫైనల్ స్కోర్ 3.5-2.5.

మరి ఇది మోసమా? నా ఉద్దేశంలో కాదు. మనుషులు ప్రిపేర్ చేయడంలో తప్పేముంది? కాస్పరోవ్‌కీ టీమ్ ఉంది. నాకు తేడాగా అనిపించేది ఒకటే: ఒకరి పుస్తకం తెరిచి ఉంది, ఇంకొకరిది మూసి ఉంది. కాస్పరోవ్ మళ్లీ ఆడదామంటే ఐబీఎమ్ ఒప్పుకోలేదు. డీప్ బ్లూ ఇప్పుడు రెండు ముక్కలుగా రెండు మ్యూజియంలలో ఉంది. కాబట్టి ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

ఇప్పుడు సీన్ మొత్తం తిరగబడింది. అప్పుడు గ్రాండ్‌మాస్టర్లు కలిసి మెషీన్‌ని తయారు చేశారు, ఇప్పుడు మెషీన్లు గ్రాండ్‌మాస్టర్లని తయారు చేస్తున్నాయి. మీ జేబులో ఉన్న ఫోన్‌లోని చెస్ యాప్ ఏ ఛాంపియన్‌నైనా ఓడించగలదు. అయినా 2024లో గుకేశ్ వరల్డ్ ఛాంపియన్ అయినప్పుడు, అతని వెనక ఇంజిన్లు మాత్రమే లేవు. మన గుంటూరు పెంటేల హరికృష్ణ లాంటి గ్రాండ్‌మాస్టర్లూ ఉన్నారు. ఇంజిన్ ఎత్తు చూపిస్తుంది. అది ఎందుకు మంచిదో, ఎదుటివాడి మీద ఎప్పుడు వాడాలో చెప్పడానికి ఇంకా మనిషే కావాలి.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఏఐ మనిషిని ఓడించింది" అంటే ఒక్క ప్రశ్న అడగండి: దాన్ని తయారు చేసింది ఎవరు, రూల్స్ రాసింది ఎవరు? 1997లో ఆ మ్యాచ్ న్యాయంగా జరిగిందా లేదా, మీరేమంటారో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను.